కొండకు సీతాఫలాలు మోయించిన మొనగాడు

సాయం చేయబోయి ఊరిని ముంచినవాడిని మీరెప్పుడూ చూడకపోతే, ఇదిగో నన్ను చూడండి. తుఫాను ఓ కొండ మీది ఊళ్లో ఇళ్ల కప్పులు ఎగరేసి తన దారిన తాను పోయింది. మిగిలిన పని నేను వెళ్లి పూర్తిచేశాను. మూడేళ్లయినా తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది పండ్ల వ్యాపారం. మార్కెట్ కొత్తపేటలో ఉన్నప్పుడు నాయిన అక్కడే ఉన్నాడు. అది బాటసింగారం తరలిపోయాక రోజూ ఎల్బీనగర్ నుంచి వెళ్లివస్తున్నాం. లోకంలో పండు తప్ప వేరే వస్తువుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లికి వెళ్లినా పండ్లే, దవాఖానలో ఎవరినైనా చూడబోయినా పండ్లే. అందుకే విశాఖ వైపు కొండ మీది ఓ ఊరి తుఫాను కష్టాలు టీవీలో చూడగానే నాకు తట్టింది కూడా పండ్లే. అది సీతాఫలాల కాలం. మార్కెట్లో అందరినీ అడిగి అరవై బుట్టలు పోగుచేసి, గోనెపట్టాలతో మూతులు కుట్టించాను.

నాయిన బుట్టల వంక చూసి అడిగాడు. "గా ఊరోళ్లకు ఏం కావాల్నో ఫోన్ చేసి అడిగినవారా?"

"లేదు నాయినా."

"బెజవాడకు లోడ్ పంపాలన్నా ముందుగాల అడిగే పంపుతం గదరా."

"అది యాపారం. గిది సాయం. సాయం చేసేటోడు అడుగుతడా?"

నాయిన తల గోక్కుంటూ లోపలికి పోయాడు. నా మాటకు ముగ్ధుడయ్యాడనుకున్నాను. చూశారా, ఎంత గొప్పవాడినో.

మేం పోవాల్సింది తూర్పుకి. కానీ మిత్రులతో ఫొటోలు దిగాలని లారీని పడమరకు తిప్పించి దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లాను. బండి నడిరోడ్డు మీద నిలబెట్టి, మెడలో దండ వేయించుకుని నవ్వాను. వెనక వాహనాలవాళ్లు హారన్లు మోగిస్తుంటే నన్ను మెచ్చుకుంటున్నారనుకుని వాళ్లకూ చేయి ఊపాను. డ్రైవర్ యాదగిరి మాత్రం "అన్నా, పండ్లు నీ ఫొటోల కోసం ఆగయి" అన్నాడు. వాడికి సేవాభావం లేదని మనసులో రాసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి కొండ కిందికి చేరాం. చరియ విరిగిపడి రోడ్డు తెగిపోయింది. ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లు పైన. లారీ వచ్చిందన్న కబురు అందగానే నలభై మంది పరుగున దిగివచ్చారు. వాళ్ల మొహాల్లో వెలుగు చూసి నా గుండె ఉప్పొంగింది. అందరికంటే ముందు చిలకమ్మ అనే యాభై ఏళ్ల మనిషి ఉంది.

"లారీ మళ్లీ ఎప్పుడెళ్తాది బాబూ?" అని అడిగింది.

"ఇప్పుడే పోతదమ్మా. మీకేం అడ్డం ఉండదు."

ఆమె ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. బుట్టలు దింపించే హడావుడిలో ఉన్నాను. అప్పుడే యాదగిరి నన్ను పక్కకు పిలిచాడు.

"వాపసు ఖాళీగ పోవుడెందుకన్నా? ఈడేమన్నా మాల్ దొర్కుతదేమో అడుగు."

నాకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది. "ఇండ్లు పోయినోళ్లను మాల్ అడుగుతవా? సిగ్గుండాలె. నడువు ముందు."

లారీ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. చిలకమ్మ ఆ మలుపు వైపే చూస్తూ నిలబడింది. కృతజ్ఞత అనుకున్నాను. ఆ నిమిషంలో నన్ను ఎవరైనా చెంప వాయించి ఉంటే వాళ్లకు ఈనాటికీ కాళ్లు మొక్కేవాడిని.

"ఏటి బాబూ ఇందులో?" అన్నారు బుట్టలు నెత్తికెత్తుకుంటూ.

"పైకి పోయినంక చూడుండ్రి."

సగం దారిలోనే పండ్లు చితికి రసం వాళ్ల మెడల మీదుగా కారింది. వెంట చీమలు. ఇళ్లు కూలినవాళ్ల చేత రెండు విడతలు మోయించాను. నేను చేతిలో మంచినీళ్ల సీసా పట్టుకుని "జర పైలం" అంటూ దారి చూపించాను, ఆ దారిలో పుట్టి పెరిగినవాళ్లకు.

ఊళ్లో మొదటి బుట్ట కుట్లు నేనే విప్పాను. చిలకమ్మ నన్ను చేయిపట్టి కప్పులేని తన ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ నా నడుమంత ఎత్తున సీతాఫలాల కుప్ప. పక్కింటి వెనకా అంతే. ఆ కొండంతా సీతాఫలం చెట్లే.

"తుఫానుకి ముందు కోసినయి, తుఫానుకి రాలినయి. కొనేవాళ్ల బండి రాటం మానేసింది. రేపటికి కుళ్లిపోతాయి. ఇయి అమ్మి రేకులు కొందామనుకున్నాం. నీ లారీ చూసి పరిగెత్తుకొచ్చాం బాబూ."

"మరి చెప్పలేదేందమ్మా?"

"చెప్పనిచ్చేవా?"

సిగ్నల్ కోసం ఆరు కిలోమీటర్లు పడుతూ లేస్తూ దిగి యాదగిరికి ఫోన్ చేశాను. "తమ్మీ, జల్ది వాపస్ రా. పండ్లున్నయి."

"ఎట్లొస్తనే? తునిల కొబ్బరికాయలు ఎత్తిన. ఖాళీ బండి తోలేటోడు మన మార్కెట్ల ఎవడుంటడన్నా?"

ఎవడుంటాడు, నేను తప్ప. ఇంకో బండి కోసం అర్ధరాత్రి దాకా ఎవరెవరినో బతిమాలాను. ఎవరూ రాలేదు. మూడు రోజుల తర్వాత వాళ్ల పండ్లూ నా పండ్లూ కలిపి పందులకు వేశారు. చిలకమ్మ ఆ ఏడాది చలికాలమంతా కప్పులేని ఇంట్లో, తాటాకులు అడ్డం పెట్టుకుని గడిపింది. నేను దిగివచ్చే రోజు ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "పందులు మాత్రం నీ పేరు చెప్పుకుంటాయి బాబూ" అని సాగనంపింది.

కాబట్టి ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి, ట్రాఫిక్‌లో ఆగిపోయిన బస్సులన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కొండ మీద ఏ తుఫాను వచ్చినా, ఖాళీ లారీని పంపిస్తాను. నేను మాత్రం చచ్చినా వెళ్లను.