నీలం క్రేట్లకు పసుపు పట్టీ

మా తమ్ముడు పుంగనూరులో ఒక టీవీ చానెల్‌కు విలేకరి. మా అక్కను కురబలకోటకు ఇచ్చాం. తమ్ముడి వార్త ఎప్పుడొస్తుందోనని ఆమె ఇంట్లో ఆ చానెల్ పొద్దున పెడితే కరెంటు పోయేదాకా మోగుతూనే ఉంటుంది. మా బావ టమాటా రైతు. సొంత చేను చాలక మా ఊరి పక్కన కొంత గుత్తకు చేస్తాడు.

ఒకరోజు పదింటికి తమ్ముడు మా ఇంట్లో దోసె తింటుంటే ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. పలమనేరు దారిలో టమాటా టెంపో బోల్తా పడింది. రోడ్డంతా టమాటాలు, ముఖం మీద తువ్వాలు కప్పి పడుకోబెట్టిన ఒక మనిషి, చుట్టూ నీలం క్రేట్లు. ప్రతి క్రేటుకూ పసుపు పట్టీ, పట్టీ మీద రెండు తెల్ల చుక్కలు.

టమాటాలు వేలం వేసే మండీలో ఎవరి క్రేట్లు ఎవరివో తెలియాలని మా వైపు రైతులు ఇలా రంగు గుర్తు పెట్టుకుంటారు. ఆ గుర్తు మా బావది. పట్టీ పూసింది అక్క, చుక్కలు పెట్టింది నేను. బావ ఆ పొద్దున గుత్త చేనులో కాయ కోయించి అదే దారిన టెంపోలో మదనపల్లెకు బయలుదేరాడని కూడా మాకు తెలుసు. ఫోటో కింద ఎవరో అప్పుడే రాసేశారు, కురబలకోట రైతు చనిపోయాడని.

బావకు ఫోన్ చేశాం. మోగింది కానీ ఎత్తలేదు. అక్కకు చేయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. ఇంతలో తమ్ముడి ఆఫీసు నుంచి ఫోన్.

"పేరు చెప్పవయ్యా. పక్క చానెల్‌లో అప్పుడే నడుస్తోంది."

"మనిషిని సూడలేదు సార్. క్రేట్లు సూసినా, అంతే."

"క్రేట్లు ఎవరివో తెలుసు కదా?"

"తెలుసు సార్. పడుకోనుండే మనిషెవరో తెలీదు."

"ఇట్లయితే మేము ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుంది."

వాడు దోసె ప్లేటు పక్కన పెట్టేశాడు. నేను నీళ్ళిచ్చి అన్నాను, "రేయ్, మండీలో ఖాళీ క్రేట్లు ఎవురి చేతికి దొరికితే వాళ్ళు ఎత్తుకపోతారు గదా. పోయిన నెల మన బావే ఎవరివో పచ్చవి ఇంటికి తెచ్చినాడు."

"నేనూ అదే అనుకుంటాండానక్కా. బండెక్కు, సూసొద్దాం."

వెళ్ళేసరికి ఆడవాళ్ళు కొంగుల్లో టమాటాలు ఏరుకుంటున్నారు. ఒకామె నన్ను చూసి, "అక్కా, సంచి తెచ్చినావా?" అంది. తువ్వాలు కప్పుకున్న మనిషి మా మాటలు విని లేచి కూర్చున్నాడు. బావ కాదు. కుప్పం దగ్గర శాంతిపురం ఆయన, టెంపో డ్రైవరు. పోయిన నెల మండీ నుంచి ఖాళీ క్రేట్లు ఎత్తుకుపోయి, వాటిలోనే కాయ నింపుకొచ్చాడు.

"తువ్వాలు యాల కప్పుకున్నావప్పా?" అన్నాడు తమ్ముడు.

"ఎండ కదప్పా. నేను సచ్చిపోయినానని రాసినారంటనే? మా ఇంటామెకు తెలీనియొద్దు, పండగ సేసుకుంటాది."

తమ్ముడు నవ్వుతూనే ఆయన పేరు, ఊరు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. చెయ్యి విరిగిందని పక్కనున్నాయన చెబితే, "డాక్టరు ఇంకా సూడలేదు కదన్నా. చేతికి దెబ్బ అని రాస్తా," అన్నాడు.

అప్పుడు బావ ఫోన్ వచ్చింది. వేలం పాట గోలలో మోగింది వినబడలేదట. "రేయ్ బామ్మర్దీ, నువ్వు సచ్చిపోయినావా అని ఊరంతా నన్నే అడగతాండారు. అది సరే, ఆ క్రేట్లు యాడుండాయో సెప్పు. నెలనాళ్ళుగా ఎతకతాండా."

నేను రోడ్డు పక్కన కూలబడి నవ్వాను, కొంచెం ఏడ్చాను కూడా. తమ్ముడు వార్త పంపకముందే అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, బావ బాగుండాడు. మండీలో ఉండాడు."

"పక్కింటామె ఇంకో చానెల్‌లో సూసి, వచ్చి నా మింద పడి ఏడ్సిపోయింది," అంది అక్క. "నేను నీ చానెల్ పెట్టుకోని కూర్చోనుండా. నీ దాంట్లో రాలేదు కదా, అందుకే ఏడవలేదు. రిమోటు మాత్రం కింద పెట్టలేదురా."

తమ్ముడు తిరగబడ్డ క్రేటు మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుని, వార్త టైపు చేయడం మొదలుపెట్టాడు.