నూనె బావ గడ్డం

నూనె బావకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. గడ్డానికి నూనె రాసుకోకుండా ఎవరికీ ఏ జవాబూ చెప్పడు. టైమెంతయిందని అడిగినా సరే, జేబులోంచి చిన్న సీసా తీసి, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, చేతులు రుద్ది వెచ్చబెట్టి, చెంపల దగ్గర మొదలుపెట్టి గడ్డం కొస దాకా నింపాదిగా రాసుకుని, అప్పుడు గడియారం వైపు చూస్తాడు. ఈలోగా అడిగినవాడు ఇంకెవర్నో అడిగి వెళ్ళిపోయి ఉంటాడు.

ఆయన టైలరు. మెడలో టేపు వేసుకుంటే సగం గడ్డం కిందే ఉండిపోతుంది. బట్టల మీద నూనె మరక పడకూడదని గడ్డానికి నాడాతో సహా ఒక సంచి కుట్టుకున్నాడు. మిషను ముందు కూర్చోగానే గడ్డాన్ని అందులో దోపి, నాడాను చెవుల వెనక నుంచి తెచ్చి నడినెత్తిన ముడి వేస్తాడు. ఒకసారి గుండుసూది పోయిందని కొట్టంతా వెతికించాడు. సాయంత్రం సంచి విప్పితే గడ్డంలో దొరికింది. "ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంది," అన్నాడు, దాన్ని తీసి చొక్కాకు గుచ్చుకుంటూ.

ఆ గడ్డాన్ని చూసి వీధంతా ముచ్చటపడేది. ఒక్క మనిషికి మాత్రం కడుపు మండేది. ఆ మనిషి పక్క గదిలో సెలూన్ నడిపే చిన్నల్లుడు. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. అక్కను నూనె బావ చేసుకున్నాడు, చెల్లెలిని ఇతను చేసుకున్నాడు. అత్తవారింట్లో కుర్చీ దగ్గర్నుంచి కూర దాకా ఏది వచ్చినా ముందు పెద్దల్లుడికే వెళుతుంది. అది వరస కాబట్టి ఎలాగో సర్దుకున్నాడు. గడ్డం విషయంలోనూ అలాగే జరగడం అతను సహించలేకపోయాడు. అతనికి ఈ చెంప మీద ఒక గుప్పెడు, ఆ చెంప మీద ఒక చిటికెడు మొలిచి, మధ్యలో మైదానంలా ఉండేది. వీధిలోని గడ్డాలన్నీ దిద్దే చేతికి సొంత మొహం మీద పని లేకుండా పోయింది.

పైగా నూనె బావ కొట్లో అద్దం లేదు. ఒక పంట్లాం పూర్తికాగానే వచ్చి సెలూన్ అద్దం ముందు నిలబడేవాడు. ఆ అద్దంలో చిన్నల్లుడికి కస్టమరు తల కనిపించదు, తన మొహం కనిపించదు, గడ్డమొక్కటే కనిపిస్తుంది.

"ఏ నూనె వాడతారు సార్?" అని కుర్చీలో ఉన్నవాడు అడగనే అడుగుతాడు.

రెండు చుక్కలు. చేతులు రుద్దడం. చెంపలు. కొస.

"ఎండాకాలం కొబ్బరినూనె. చలికాలం నువ్వులనూనె. ఒత్తుగా రావాలంటే ఆముదం, కానీ ఒక్కటే రాస్తే జిడ్డు, బాదం నూనెలో కలపాలి. నూనె కంటే ముఖ్యం తొందరపడకపోవడం."

తొందరపడకపోవడం గురించి చిన్నల్లుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను పెళ్ళయినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. చాటుగా ఆముదం కూడా రాసి చూశాడు. చెంప కంటే దిండే ఎక్కువ తాగింది.

"దిండుకి మొలుస్తుందేమో చూస్తూ ఉండండి," అంది భార్య గలీబు ఉతుకుతూ. "మా బావని అడిగితే ఏం రాయాలో చెప్తాడుగా."

"మీ బావని అడిగేలోపు నాకు పళ్ళూడిపోతాయి."

"ఆయన గడ్డం చూడండి, ఎలా నిగనిగలాడుతుందో."

"చూస్తూనే ఉన్నాను. పొద్దున్నుంచీ అదే చూస్తున్నాను."

ఇలా ఉండగా వీధికి అవతల గాజు తలుపుల సెలూన్ ఒకటి వెలిసింది. లోపల చల్లగా ఉంటుంది, సోఫాలుంటాయి. పాత కస్టమర్లు ఒక్కొక్కరే చిన్నల్లుడి కళ్ళెదుటే రోడ్డు దాటేవారు. కొందరు మొహం చాటేసి దాటేవారు, సిగ్గులేని వాళ్ళు చెయ్యూపి మరీ దాటేవారు. ఇలాగే సాగితే సెలూన్ మూసి ఎవరి దగ్గరో పనికి కుదరాలి. ఆ తలచుకున్న 'ఎవరి దగ్గరో' కూడా ఆ గాజు తలుపులవాడే కావడం అతనికి నిద్ర పట్టనివ్వలేదు.

అప్పుడు భార్య ఒక ఉపాయం చెప్పింది. గడ్డానికి నూనె మర్దన మొదలుపెట్టమంది. నూనె బావ తన పద్ధతిలో ఆముదం, బాదం కలిపి ఒక పెద్ద సీసాడు ఇచ్చాడు. వీధి చివర బ్యాంకు మేనేజరుకి గడ్డం ఉంది. ఆయన మెచ్చితే బ్యాంకులో గడ్డమున్న వాళ్ళంతా వస్తారు, లేనివాళ్ళు గీయించుకోవడానికి వస్తారు. ఆయన ఒక పొద్దున వస్తానన్నాడు.

ఆ పొద్దున చిన్నల్లుడు బల్ల దగ్గర నిలబడి రెండు చిన్న సీసాలు నింపుతున్నాడు. ఒకటి మర్దన నూనెకి. రెండోది మిషను నూనెకి, అంటే కత్తెరలకూ జుట్టు కత్తిరించే మిషనుకూ వేసేది. అదీ నూనె బావ కుట్టుమిషను డబ్బాలోంచి అడిగి తెచ్చుకున్నదే. టీ తెచ్చిన భార్య గుమ్మంలో నిలబడి, అద్దం ముందున్న నూనె బావతో, "బావా, ఇవాళ మీ గడ్డం ఇంకా ఒత్తుగా కనిపిస్తుందే," అంది. చిన్నల్లుడి చేతులు సీసాల మీదే ఉన్నాయి గానీ కళ్ళు అద్దంలోకి వెళ్ళిపోయాయి.

మేనేజరు వచ్చి కూర్చున్నాడు. వెనక బెంచీ మీద ఇద్దరు ముగ్గురు వేడుక చూస్తున్నారు. చిన్నల్లుడు చిన్న సీసా మొత్తం గిన్నెలోకి వంచాడు. పక్కనే ఉన్న నూనె బావ ముక్కు ఒక్కసారి ఎగబీల్చింది. ఆయన కాసేపు గిన్నె వైపు చూశాడు. తర్వాత ఎవరూ ఏమీ అడగకుండానే గిన్నె లాక్కుని, అందులో ఉన్నదంతా తన గడ్డానికి రాసేసుకున్నాడు. రెండు చుక్కల మనిషి గిన్నె అడుగు కూడా వేలితో తుడిచి రాసుకున్నాడు.

"అన్నయ్యా, అది సార్ కోసం."

"ఇది నాకు కావాలి తమ్ముడూ. ఎంత బాగుందో. సార్‌కి పెద్ద సీసాలోంచి తాజాగా తియ్యి."

చిన్నల్లుడు ఆముదం తాగిన మొహం పెట్టాడు. మేనేజరు మాత్రం నవ్వి, అంత మంచి నూనె అయితే తనకూ తొందరగా రాయమన్నాడు. పెద్ద సీసా వంచి మర్దన చేశాక అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, బ్యాంకువాళ్ళందరినీ పంపిస్తానని చెప్పి వెళ్ళాడు. పని అయిందన్న సంతోషం కూడా చిన్నల్లుడికి దక్కలేదు.

"అంత గడ్డం ఉంది, ఇంకా ఆశ చూడు," అన్నాడు భార్యతో. "నా కస్టమరు గిన్నె లాక్కున్నాడు. రేపు నా కుర్చీ లాక్కుంటాడు."

ఆ తర్వాత నూనె బావ అద్దం ముందుకు రావడం మానేశాడు. మిషను మీద లేనప్పుడు కూడా సంచి విప్పడం లేదు. ఎవరైనా పలకరిస్తే తలూపి ఊరుకుంటున్నాడు. గొప్ప వచ్చిందనుకున్నాడు చిన్నల్లుడు. ఇప్పుడు గడ్డం చూడాలన్నా బతిమాలాలి కాబోలు.

బ్యాంకువాళ్ళు రావడం మొదలైంది. బెంచీ నిండింది. ఆ సందట్లో జుట్టు కత్తిరించే మిషను మొరాయించింది. నూనె వేస్తే ఇంకా బిగుసుకుంది. విప్పి చూస్తే పళ్ళన్నీ జిగురుజిగురుగా ఉన్నాయి. బాదం వాసన. చిన్నల్లుడు మిషను నూనె సీసా మూత తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆముదం, బాదం. మరి ఆ రోజు గిన్నెలో పోసిందేమిటో అప్పుడు అర్థమైంది.

పరుగున పక్క కొట్లోకి వెళ్ళాడు.

"అన్నయ్యా, సంచి తియ్యి."

నూనె బావ తల అడ్డంగా ఊపాడు. చిన్నల్లుడే ముడి విప్పాడు. గడ్డం అట్టలు కట్టి ఉంది. దాని కింద చర్మమంతా ఎర్రగా దద్దుర్లు.

"నీకు వాసన తెలిసింది కదా. రోజూ నీ మిషనుకి వేసుకునేదే కదా. ఎందుకు చెప్పలేదు?"

ప్రశ్న అడిగారు గనక నూనె బావ చెయ్యి జేబులోకి వెళ్ళింది. సీసా బయటికి వచ్చింది. ఎక్కడ రాయాలో తెలియక మళ్ళీ లోపలికి పోయింది. నూనె రాసుకోకుండా జవాబు చెప్పాల్సి రావడంతో మాటలు తడబడ్డాయి.

"చెప్తే... సార్ మొహానికి మిషను నూనె రాయబోయావని వీధంతా పాకేది. పారబోస్తే ఎందుకని అడిగేవాళ్ళు. అలాంటి పేరు కడిగినా పోదు తమ్ముడూ. గడ్డమంటావా, కడిగితే పోతుంది. అంటే... పోలేదనుకో. తీసేస్తే మళ్ళీ వస్తుంది. నువ్వు ఖాళీ అయ్యాక చెప్దామని ఆగాను."

"ఎదురుగా సోఫాలు వేసుకుని ఖాళీగా కూర్చున్నారుగా, అక్కడ తీయించుకోకపోయావా?"

"నువ్వుండగా వేరేవాడి చేత గీయించుకుంటానా?"

బెంచీ మీద వాళ్ళందరినీ ఆగమని చెప్పి, చిన్నల్లుడు తోడల్లుడిని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ గడ్డం మీద కత్తి ఆడించాలని ఎన్నిసార్లు కలగన్నాడో అతనికే తెలియదు. తీరా కత్తి చేతికి వచ్చాక చెయ్యి ముందుకు కదలలేదు. కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాడు.

"కొయ్యవు కదా తమ్ముడూ?"

"మాట్లాడకు అన్నయ్యా. కదిలితే కోస్తాను."

గడ్డమంతా ఒళ్ళో పడ్డాక లోపలి మొహం బయటపడింది. నున్నటి బుగ్గలు, గుండ్రటి చుబుకం, దాని మధ్యలో చిన్న సొట్ట. దద్దుర్ల ఎరుపు కూడా సిగ్గుపడినట్టు అందంగానే ఉంది. అప్పుడే టీ పట్టుకుని వచ్చిన భార్య గుమ్మంలో ఆగిపోయింది.

"బావా, మీరేనా? పదేళ్ళు తగ్గిపోయారు. ఇంత కళైన మొహం ఇన్నాళ్ళూ దాచేశారా?"

చిన్నల్లుడు అద్దంలోకి చూశాడు. ముందు ఆ సొట్ట కనిపించింది. తర్వాత తన చెంపల మీది మైదానం కనిపించింది. పెద్ద సీసా అందుకుని, సీసా మారలేదని రెండుసార్లు వాసన చూసి, అరచేతిలో రెండు చుక్కలు వేసుకున్నాడు. చేతులు రుద్ది వెచ్చబెట్టి, దద్దుర్లు నొప్పెట్టకుండా మెల్లగా తోడల్లుడి చెంపలకు రాయసాగాడు.

"ఇప్పుడే గీశావు, అప్పుడే నూనె ఎందుకు తమ్ముడూ?"

"పెరగాలి అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు, ఓ కంట భార్యను గమనిస్తూ. "ఎంత తొందరగా పెరిగితే అంత మంచిది."