పాలు మాన్పించిన ఘాటీ

పిల్లకి పాలు మాన్పించాలంటే తల్లి నాలుగు రోజులు కంటికి కనబడకూడదని మా ఇళ్ళలో పద్ధతి. మామూలుగా అయితే ఆ నాలుగు రోజులూ పుట్టింటికి వెళ్తారు. నేను సైకిల్ మీద అరకు వెళ్ళాను.

మా పాపకి అప్పటికి ఏడాదిన్నర. పెళ్ళికి ముందు నాతో సైకిల్ తొక్కిన ఒక టీచరక్క విశాఖలో బయల్దేరి అరకు, పాడేరు, నర్సీపట్నం చుట్టి నాలుగో రోజుకి ఇల్లు చేరేలా ప్రయాణం వేసుకుందని తెలిసింది. ఆ నాలుగు రోజులూ ఈ నాలుగు రోజులూ ఒకటే కదా అనిపించింది. మా ఆయన సరేనన్నాడు. "ఎక్కడ ఆగిపోతే అక్కడికి కారు తెస్తాను" అని ధైర్యం కూడా చెప్పాడు. అత్తయ్య మాత్రం, "వెళ్తే వెళ్ళు. సగంలో తిరిగొచ్చేవంటే గుంట మళ్ళీ మొదలెడతాది. రెండోసారి మాన్పించడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు" అంది. రొమ్ముకి మల్లెపూలు కట్టుకుంటే పాలు ఇంకిపోతాయని చెప్పి, డిసెంబర్లో మల్లెలు ఎక్కడ దొరుకుతాయని తనే విసుక్కుంది.

పాప ఎప్పుడేం తింటుందో, జ్వరమొస్తే ఏ మందు ఎంత వెయ్యాలో కాగితానికి రెండు వైపులా రాసి ఫ్రిజ్‌కి అంటించాను. గేటు దాటాక వెనక్కి వెళ్ళి, బొత్తాలేవీ నోట్లో పెట్టుకోకుండా చూడమని ఇంకో వాక్యం చేర్చాను.

మొదటి రోజు శృంగవరపుకోట దాకా దారి చదును కాబట్టి అంతగా తెలియలేదు. అక్కడ లాడ్జిలో పడుకుని, రెండో రోజు తెల్లారగానే బాత్రూంలో పాలు మొత్తం పిండేశాను. గుండెల మీద బరువు దిగింది. బొడ్డవర దాటాక కొండెక్కే మలుపుల రోడ్డు, ఘాటీ, మొదలైంది. మొదటి మలుపుల్లో అక్క వెనక నుంచి ఒకటే అరుపులు: "గేరు దించవే! దాచుకుని ఎవరికిస్తావు?"

టైడా చేరేసరికి మళ్ళీ నిండిపోయాయి. అక్కడి రైల్వే స్టేషన్ దగ్గర మళ్ళీ మొత్తం పిండేశాను. గంట తిరక్కుండానే ఇంకా ఎక్కువ నిండాయి. గతుకు వచ్చిన ప్రతిసారీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. జెర్సీ ముందంతా తడిసి అంటుకుపోతోంది. కార్లలో పోయేవాళ్ళు చెమట అనుకున్నారేమో, బొటనవేలు ఎత్తి చూపించి వెళ్ళారు.

అనంతగిరి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. "అక్కా, నా వల్ల కాదు. ఆయన్ని కారు తెమ్మంటాను" అన్నాను. అక్క తన సైకిల్‌ని కూడా గోడకి ఆనించింది. ఫోన్ తీసి కలిపాను. ఒకసారి మోగి, సిగ్నల్ పోయి ఆగిపోయింది.

రోడ్డు పక్క తోటలో కాఫీ పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ బుట్టతో సహా కిందికి దిగి వచ్చింది. నా కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది.

"ఏటమ్మా, సైకిలు పాడైపోనాదా?"

"సైకిల్ బాగానే ఉంది. నేనే పాడయ్యాను" అని సంగతి చెప్పాను.

ఆవిడ నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూసింది. "గుంట సేత పాలు మాన్పించడానికి కొండెక్కుతన్నావా?" అని, వెనక్కి తిరిగి తమ భాషలో ఏదో కేకేసింది. కాఫీ చెట్ల మధ్య నుంచి నవ్వులు గుప్పుమన్నాయి. "మా గుంటని మూడేళ్ళు ఈపున కట్టుకునే పళ్ళు కోసినాను. దానికి దానికే మానీసింది. సరేలే. పొద్దున్నుంచి ఏటి సేత్తన్నావు?"

"నొప్పి పెట్టినప్పుడల్లా పిండేస్తున్నాను. మొత్తం."

"మొత్తమా! ఓలమ్మో!" ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇసకలో సెలమ తోడితే నీరు ఊరదేటి? నువ్వు కాళీ సేసీసినకొద్దీ గుంట తాగీసిందనుకుని మళ్ళీ నిండుతాది. సలుపు తగ్గేటంత తియ్యి, ఆపీ. అంతే."

డిగ్రీ చదివాను. పాలు ఎలా పట్టాలో ఫోన్లో నెలల తరబడి చదివాను. ఎలా ఆపాలో ఒక్కసారి కూడా చదవలేదు.

చెట్ల చాటుకి తీసుకెళ్ళి, సలుపు తగ్గేదాకా మాత్రమే తీయించింది. ఆవిడే అక్కని తువ్వాలు అడిగి తీసుకుని, నా జెర్సీ కింద గతుకులకి కదలకుండా చుట్టి కట్టింది. "బిగించకు, ఊపిరాడాల" అని తనకి తానే చెప్పుకుంది. తర్వాత వీపు మీద ఒక్కటి చరిచి, "బేగి పో. ఎండెక్కిపోతాది" అంది.

అనంతగిరిలో సిగ్నల్ రాగానే ఫోన్ మోగింది. "మిస్డ్ కాల్ చూశాను. బయల్దేరనా?" అన్నాడు మా ఆయన. వెనకాల పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. వచ్చెయ్యమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎందుకేడుస్తోంది? నా కోసమా?"

"నీ కోసం కాదు. దాని దోసె ముక్క మా అమ్మ తినేసిందని."

ఇంతలో అత్తయ్య ఫోన్ లాక్కుంది. "ఎక్కీసావేటమ్మా?"

"ఇంకా లేదత్తయ్యా."

"మరి ఫోనెందుకు? ఎక్కేక సెయ్యి" అని పెట్టేసింది.

అక్క పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే సైకిల్ ఎక్కేశాను.

అక్కడి నుంచి ఘాటీ కొసన ఉన్న గాలికొండ దాకా దించడానికి ఇంక గేర్లు లేవు. పక్కన ఎవరైనా నడిస్తే వాళ్ళ కంటే కొంచెమే ముందుండేదాన్ని. పాప ఏం చేస్తుందోనని ఆలోచించడానికి ఊపిరి మిగల్లేదు. బిడ్డ పుట్టాక నా బుర్ర అంత ఖాళీగా ఉన్నది ఆ గంటే. నొప్పి ఉంది, కానీ పెరగలేదు. మలుపు, ఇంకో మలుపు, ఆపైన ఉన్నట్టుండి పెడళ్ళు తేలికైపోయాయి. ఎదురుగా ఇంక కొండ లేదు, ఆకాశమే ఉంది.

వ్యూ పాయింట్ దగ్గర ఫొటోలు దిగుతున్న ఒక పెద్దాయన, "సైకిళ్ళు ఏ వ్యాన్లో తెచ్చారమ్మా?" అని అడిగాడు. అక్క నా తొడ మీద ఠపీమని కొట్టి, "ఇదిగో, ఈ వ్యాన్లో" అంది. నేను రెండు చేతులూ పైకెత్తి అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. లోయ మాత్రం తిరిగి అరిచింది.

సుంకరిమెట్ట వైపు దిగుతుంటే చలిగాలికి జెర్సీ ఆరిపోయింది. అరకు లాడ్జిలో రిజిస్టర్ నింపుతుంటే వాహనం నంబరు అనే గడి వచ్చింది. గడి పట్టనంత పెద్ద అక్షరాలతో 'సైకిల్' అని రాశాను.

పాడేరు చేరేసరికి సలుపు పోయి, తువ్వాలు విప్పేశాను. నాలుగో రోజు ఇంటికి వెళ్తే పాప పరుగున వచ్చి ఒళ్ళోకెక్కి, అలవాటుగా నా టీషర్టు పట్టుకుని లాగింది. "అయిపోయాయమ్మా" అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను ఏడవకుండా ఉండడానికి మళ్ళీ ఒక ఘాటీ ఎక్కాల్సి వచ్చింది. చివరికి టీషర్టు వదిలేసి, ఒళ్ళో నుంచి జారి, వంటింటి వైపు వేలు చూపించి దోసె కావాలంది.