తెరవని పెట్టెల మీద కూర్చోబెట్టారు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్ నెలాఖరులో నాకొక పని అప్పగించారు: గూడూరు డీలరు చేత నాలుగు వందల ప్రాసెసర్లకు ఆర్డరు సంతకం చేయించడం. అది కాకపోతే నెల్లూరు కార్యాలయం మూత. ఏరియా మేనేజరునైన నాకు చెన్నైలో కుర్చీ దొరుకుతుంది. నా కింది ముగ్గురు సర్వీసు ఇంజనీర్లకు ఏమీ దొరకదు.

మాది కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే పెద్ద సంస్థ. పేరు చెప్పను, దానికి ఇప్పటికే ఉన్న కష్టాలు చాలు. కొత్త చిప్ ఇదిగో, అదిగో అంటూ మేం మూడేళ్లు గడిపేసరికి కుర్రకారు పోటీవాడి చిప్ అడగడం మొదలుపెట్టారు. అయినా మా లెక్కల్లో అమ్మకాలు బ్రహ్మాండం! డీలరు గోదాముకు చేరిన సరుకు ‘సెల్-ఇన్’, కొనేవాడి చేతికి చేరింది ‘సెల్-ఔట్’. పైవాళ్లు మొదటిదే చూసి చప్పట్లు కొట్టేవారు. ప్రతి మూడు నెలలకూ ఆ అంకె పంపేది నేనే.

గూడూరు డీలరు పెంచలయ్యగారు తన గోదాములో నన్ను ఆదరంగా మా చిప్‌ల పెట్టెల మీదే కూర్చోబెట్టారు. ఒక్కదానికీ సీలు తీయలేదు. నేను ఆర్డరు ఫారం తీయగానే, రండి సార్ అంటూ చిల్లకూరు దగ్గరి తన రొయ్యల గుంటకు తీసుకుపోయారు. అక్కడ రొయ్యలు మేత ఏమాత్రం తింటున్నాయో చూసే చెక్ ట్రేను నీళ్లలోంచి పైకి లాగారు. అందులో మేత సగం అలాగే ఉంది.

“చూసినారా సార్? ట్రేలో మేత మిగిలిందంటే మరు పూట గుంటలో తగ్గించి ఏస్తాం. తగ్గించకుంటే అడుగున కుళ్లి రొయ్య చచ్చిపోద్ది. మీ కంపెనీవాళ్లు ఎప్పుడన్నా ట్రే ఎత్తి చూసినారా?”

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

“అయినా మీరు పెట్టమంటే సంతకం పెడతా సార్. పన్నెండేళ్లుగా మీ మాట కాదనలేదు గదా,” అన్నారు.

ఆ మాటతో ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు నా ఏరియాలోని డీలర్లందరి దగ్గర సీలు తీయని పెట్టెలు ఎన్నున్నాయో లెక్కించి పైకి పంపాను. జవాబుగా కార్యాలయం మూసేశారు. ఇద్దరు ఇంజనీర్లకు వేరేచోట పని దొరికింది. మూడో అతను నేటికీ నా ఫోన్ ఎత్తడు, అది నాకు బాధే.

మరుసటి ఏడాది, డీలర్ల దగ్గర పేరుకుపోయిన సరుకే తమ నష్టానికి కారణమని సంస్థ గంభీరంగా ప్రకటించింది. నేను గ్రహించింది ఇది: ఆ పెట్టెలు పేరుకోవడం నేను చాలా ఏళ్ల ముందే చూశాను. పెట్టెలు కొద్దిగా ఉన్న అప్పుడే రాసి ఉంటే నాకు చీవాట్లు మాత్రమే పడేవి. ఆలస్యంగా రాశాను; నా కిందివాళ్ల ఉద్యోగాలు పోయాయి.