దొంగగారి తుమ్ము

ఆ రోజుల్లో దొంగలు ఇప్పటివాళ్ళంత గడుసువాళ్ళు కారు. బీరువా వెనకో, బస్తాల చాటునో నక్కి కూర్చుని, డిటెక్టివులు గదిలో అడుగు పెట్టగానే తుమ్మేవాళ్ళు, పట్టుబడేవాళ్ళు, మళ్ళీ ఎలాగో తప్పించుకునేవాళ్ళు. ప్రత్తిపాడులో మా మేనత్త చదివి వినిపించిన పుస్తకాల్లో మాత్రం అంతే. నాకు పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి, చిన్నప్పుడు పుస్తకమంటే అత్త గొంతే. అక్కాతమ్ముళ్ళిద్దరు డిటెక్టివులై ఊళ్ళు తిరిగే ఆ పిల్లల నవలల్ని అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి, వసారాలో ఎండుమిరపకాయల రాశి ముందు కూర్చునేది. పుస్తకం ఒళ్ళో ఉండేది, చేతులు తొడిమలు తీస్తుండేవి, నోరు కథ చదువుతుండేది. "అప్పుడా చీకట్లోంచి..." అంటుండగా "హాచ్!" మని ఇల్లదిరే తుమ్ము. ఒక్క క్షణం ఆగి, "...అని దొంగ తుమ్మాడు" అనేది. నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఎంత సహజంగా తుమ్మేదో! (అత్త నాటకాల్లో చేరవలసిన మనిషని చాలాకాలం నమ్మాను.)

గుంటూరులో బ్యాంకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, కంప్యూటరు నా చెవిలో అన్నీ చదివిపెడుతుంటే, నాకో కోరిక పుట్టింది. ఆ నవలల్ని ఎవరి తీరికా చూడకుండా, నా అంతట నేను, మొదటి నుంచి చివరిదాకా చదువుకోవాలి. వాకబు చేస్తే, చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే రిటైర్డు టీచరుగారు ఒకావిడ చీరాలలో ఉన్నారని తెలిసింది. అడగ్గానే వాటిలో ఒకటి పంపించారు. ఎంత చక్కటి గొంతు! అక్కాతమ్ముళ్ళొచ్చారు, చీకటి గది వచ్చింది, బీరువా వెనక దొంగా వచ్చాడు. తుమ్మలేదు. గడప దగ్గర చెప్పుల ముద్ర చూసి పట్టుకున్నారట! నాకు ఒళ్ళు మండిపోయి ఫోను చేశాను.

"తుమ్ము కోసేశారేంటండీ?"

"తుమ్మేంటమ్మా?"

"దొంగ తుమ్మండీ! అది తీసేస్తే ఇంక కథలో ఏం మిగిలింది?"

"నాకు తుమ్మొస్తే రికార్డింగు ఆపేసి, మంచినీళ్ళు తాగి మళ్ళీ చదువుతానమ్మా. ఒక్క తుమ్ము కూడా లోపలికి పోనివ్వలేదు," అన్నారావిడ కంగారుగా. తర్వాత కాస్త ఆలోచించి, "నా దగ్గరున్నది కొత్త ముద్రణ. పిల్లల కోసమని కుదించారేమో. పాతది వెతికిస్తానుండు," అన్నారు.

ముక్కూ మొహం తెలియని పిల్ల ఫోన్లో అరిస్తే ఇంకొకరైతే పెట్టేసేవాళ్ళు. ఆవిడ మాత్రం పాత పుస్తకాల కొట్లన్నీ గాలించి, మొదటి ముద్రణ సంపాదించి, పేజీ పేజీ స్కాన్ చేయించి పంపారు. పాత అచ్చు, వెలిసిన సిరా. నా కంప్యూటరు 'దొంగ' అన్న చోటల్లా 'దొండ' అని చదివింది. "దొండ గోడ దూకాడు!" "దొండని పట్టుకోండి!" (కథంతా కూరగాయల మార్కెట్లో జరిగినట్టే ఉంది.) నవ్వుకుంటూనే ఆఖరి పేజీ దాకా వెళ్ళాను. దొండ కూడా తుమ్మలేదు.

ఇక సాక్ష్యం అత్తే అనుకుని ఆదివారం ప్రత్తిపాడు బస్సెక్కాను. "అత్తా, మన పుస్తకాల్లో దొంగ తుమ్ముతాడా లేదా? ఒట్టేసి చెప్పు," అన్నాను గడపలోనే.

అత్త పగలబడి నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా! ఆ తుమ్ము దొంగది కాదే, నాది. మిరపకాయల ముందు కూర్చుంటే ముక్కు ఊరుకుద్దా? నేను తుమ్మగానే 'ఇంక చదవవా అత్తా' అని ఏడుపుమొహం పెట్టేదానివి. అందుకని దొంగ మీద తోసేశా."

"మరి అన్ని పుస్తకాల్లోనూ తుమ్మేవాడుగా?"

"అన్నీ మిరపకాయలప్పుడే చదివాంగా!"

"పట్టుబడ్డవాడు మళ్ళీ తప్పించుకునేవాడు?"

"మరి అసలు కథలోకి రావద్దా? పుస్తకంలో వాడు దొరికేది తర్వాతేగా!"

టీచరుగారికి ఫోను చేసి జరిగింది చెప్తే, ఆవిడ నవ్వాపుకోలేక, "ఈసారి మీ మేనత్తగారి చేత చదివించి నాకూ పంపమ్మా," అన్నారు. టీచరుగారు పంపిన పేజీలు నా ఫోన్లో తెరిచి, రికార్డింగు పెట్టాను. అత్త కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఫోన్ని మొహానికి మరీ దగ్గరగా పట్టుకుని చదివింది. ఇప్పుడు మిరపకాయలు కల్లం నుంచే మార్కెట్ యార్డుకి పోతున్నాయి, వసారాలో రాశీ లేదు, ఘాటూ లేదు. అయినా చీకటి గది రాగానే "హా...చ్" అంది. అంత అబద్ధపు తుమ్ము నేనెక్కడా వినలేదు. "అని దొంగ తుమ్మాడు," అంది గర్వంగా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు నా దగ్గర మూడు రకాల ప్రతులున్నాయి. ముచ్చటేసినప్పుడు టీచరుగారిది వింటాను, నవ్వుకోవాలంటే దొండ ఉండనే ఉంది. అత్త చదివినదానికి మాత్రం 'ఒరిజినల్' అని పేరు పెట్టుకున్నాను. తుమ్ము కోసేశారని పెద్దావిడ మీద ఎగిరిపడ్డ ఆ అమ్మాయి గుర్తొస్తే సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. కానీ పాపం, ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? మండుతున్న ముక్కుతో, ఆగిపోతే నేను బెంగపడతానని, తన తుమ్ముని కూడా కథలో కలిపేసి చదివింది మా అత్త. ఆ తుమ్ము లేని పుస్తకం ఎన్నో ముద్రణ అయినా సరే, నాకది కుదించిందే.