నీలం గ్లౌజుల పెళ్లికొడుకు

ఆ రోజుల్లో మగవాడికి ముఖం కంటే గోళ్లే ముఖ్యమని నాకు గట్టి నమ్మకం. హోసూరులో లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించే షెడ్డులో పని చేసేవాణ్ణి. ఎంత సబ్బు అరగదీసినా గోళ్ల కింద నల్లగీత పోయేది కాదు. అప్పుడే రాయకోట సంబంధం వచ్చింది. ఫొటోలో పిల్లను చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఆదివారం వాళ్ల నాయన నన్ను చూడటానికి వస్తున్నాడని తెలిసి మా అమ్మ నిట్టూర్చింది. "ఈ చేతులు చూసి పిల్లనెవరిస్తారప్పా?" (కన్నతల్లి మాట ఇది!)

వెంటనే మందుల షాపులో వాడి పారేసే నీలం గ్లౌజుల డబ్బా కొన్నాను. స్పానరు తగిలితే చిరిగేవి, లోపల చెమటకు వేళ్లు ముడుచుకుపోయేవి, అయినా వదల్లేదు. మా మేస్త్రీ రోజూ గేర్‌బాక్సు పక్కన నిలబడి, "డాక్టరుగారూ, తల్లీ బిడ్డా బాగుండారా?" అని పరామర్శించేవాడు. శనివారానికి నా గోళ్లు తళతళలాడాయి.

ఆదివారం వచ్చిన పిల్ల నాయన బోరు మోటార్లు బాగుచేసే మనిషి. కాఫీ ఇస్తుంటే గ్లాసు అందుకోకుండా నా చెయ్యి పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, మా అమ్మ వైపు తిరిగాడు. "పిల్లోడు మెకానిక్ అంటిరే. ఇవి పని చేసే చేతులేనామ్మా?" గ్లౌజుల సంగతి చెబితే అనుమానం ఇంకా పెరిగింది. పనీపాటా లేనివాడికి పిల్లనివ్వనని కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు కోపంకొద్దీ వట్టి చేతులతోనే మోచేతుల దాకా గ్రీజులో దిగాను.

అక్కడ రాయకోటలో వాళ్లింట్లో ఆయన నన్ను తిడుతూ నా చేతుల తెలుపంతా వర్ణించాడట. పుట్టినప్పటి నుంచీ నాయన కలిపిన పెరుగన్నంలో డీజిల్ వాసన భరించిన పిల్ల, చేసుకుంటే ఆ చేతులవాణ్ణే చేసుకుంటానని మొండికేసింది. పాపం, ఆయన షెడ్డుకు వచ్చి విచారించుకుని (డాక్టరు వైభవమంతా మేస్త్రీ నవ్వుతూ చెప్పాడు) ఒప్పుకున్నాడు.

పెళ్లిలో గోళ్ల నలుపు కనబడకుండా పసుపు నన్ను కాపాడింది. తరవాత ఏదీ కాపాడలేదు. ఇప్పటికీ నేను కంచం ముందు కూర్చుంటే మా ఆవిడ అడుగుతుంది: "మా నాయన చూసిన చేతులు యాడ పెట్టినావు?"

నవ్వేస్తాను. కానీ ఆ వారం నా చేతులు నిజంగానే అందంగా ఉండేవి. ఎవరి కోసం అంత పాటుపడ్డానో, ఆవిడ మాత్రం వాటిని ఒక్కసారి కూడా చూడలేదు.