ఎరుపు వైరు, పసుపు వైరు

నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. పదో తరగతి పిల్లలకు విద్యుత్ పాఠం పదహారేళ్లుగా చెబుతున్నాను. శ్రేణి సంధానం, సమాంతర సంధానం బొమ్మలు బోర్డు మీద కళ్లు మూసుకుని గీయగలను. అయినా నిరుటి దాకా ఒక్క వైరును కూడా నా చేత్తో ఇంకో వైరుకు కలిపి ఎరగను.

మా ఇల్లు మదనపల్లెలో, బడి పుంగనూరు దగ్గర. మా వీధి చివర ఉండే సోషల్ టీచర్ కూడా ఆ బడిలోనే పని చేస్తుంది. నాకంటే పదేళ్లు పెద్ద. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కోపం వస్తే రెండూ మాట్లాడుతుంది. ఎన్నో ఏళ్లు ఇద్దరం బస్సులో పోయివచ్చాం. కుప్పంలో రిటైరైన ఒక లెక్చరర్ దగ్గర నేను పాత కారు కొన్నాక ఇద్దరి ప్రయాణమూ కారులోకి మారింది.

కారు బాగానే ఉంది. కంపెనీ వాళ్లు బిగించి ఇచ్చిన స్టీరియోతోనే తంటా వచ్చింది. అందులో రేడియో ఎప్పుడో పోయింది. లోపల ఒక సీడీ ఇరుక్కుని బయటికి రావడం లేదు. పెళ్లి నాదస్వరం సీడీ అది. తాళం తిప్పితే మేళం మొదలయ్యేది. బటన్ నొక్కితే ఆగేది కానీ, చక్రం గుంతలో పడినా, మిట్ట ఎక్కినా మళ్లీ అందుకునేది. మా బడి గేటు ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది. రోజూ సరిగ్గా అక్కడే గట్టిమేళం. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

"ఇంగ పెండ్లికొడుకొగడే తక్కువ మనకి," అనేది సోషల్ టీచర్.

నవ్వుకుంటూనే ఆరు నెలలు గడిపేశాం. ఒకరోజు పొద్దున పుంగనూరు దగ్గర ఎదురుగా శవాన్ని మోసుకొస్తున్నారు. దారి ఇద్దామని కారు పక్కకు దించాను. చక్రం గుంతలో పడింది. మేళం మోగింది. నేను గాభరాగా తాళం తీసేసేలోపే పాడె వెనక నడుస్తున్న ఒక ముసలామె తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు. ఆ చూపుకు నేను తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రమే మదనపల్లెలో కారు సామాన్ల అంగడికి వెళ్లి కొత్త స్టీరియో కొన్నాను.

"కారు ఈడ పెట్టక్కా, అర్ధగంటలో బిగించేస్తా," అన్నాడు అంగడాయన.

"నేనే బిగించుకుంటాలేప్పా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. బహుశా పదహారేళ్ల పాఠం సిగ్గుపడి అనిపించి ఉంటుంది.

ఆయన నవ్వలేదు. లోపలి నుంచి ఒక చిన్న వైర్ల కట్ట తెచ్చిచ్చాడు. "అట్లయితే ఈ కప్లర్ తీసకపోండి. ఒక కొస కారు ప్లగ్గుకి, ఇంగో కొస కొత్త సెట్టుకి. కారు వైర్లు మాత్రం కత్తిరించొద్దక్కా. ముందు బ్యాటరీ తీగ ఊడబెరకండి."

ఆదివారం ఇంటి ముందు పని మొదలుపెట్టాను. సోషల్ టీచర్ తోడు వచ్చింది. వాళ్ల ఇంట్లో కుట్టు మిషను ఎప్పుడు మొరాయించినా తనే విప్పి సరిచేసుకుంటుంది కాబట్టి, నాకంటే ఆమె చేతులకే అనుభవం ఎక్కువ. పది నంబరు స్పానర్‌తో బ్యాటరీ తీగ విప్పాను. ఆ తర్వాత స్టీరియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం తీయాలి. దానికి మరలు లేవు. లోపల క్లిప్పులు పట్టుకుని ఉంటాయి, లాగాలి. గట్టిగా లాగితే విరుగుతుందేమోనని భయం, మెల్లగా లాగితే కదలదు.

అప్పుడే మా నాన్న కుర్చీ తెచ్చుకుని కారు పక్కన వేసుకున్నాడు. పెద్దమండ్యం వైపు చేన్లలో జీవితమంతా కూలికి పోయిన మనిషి. అమ్మ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నాడు. చిన్నప్పుడు నేను పార పట్టుకుంటే లాగేసి పుస్తకం ఇచ్చేవాడు. మా ఇంట్లో చదువంటే చేతికి మట్టి అంటకుండా బతకడం.

"ఏమ్మా, ఏం జేస్తాండావు?"

"పాత సెట్టు తీసి కొత్తది పెడతాండా నాయనా."

"టీచరమ్మవు గదా. దుడ్డిస్తే చేసేటోళ్లుండారు. నీకు యాల ఈ పని?"

"నేర్చుకుందామని," అన్నాను. ఆయన ముఖంలో మాత్రం ఇష్టం కనిపించలేదు.

సోషల్ టీచర్ నా బ్యాగులోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి, కొసకు చేతిగుడ్డ చుట్టి, సందులోకి దూర్చి మెల్లగా లేపింది. టప్‌మని ఒక క్లిప్పు విరిగింది. మిగతావి నిలబడ్డాయి. నాలుగు మరలు విప్పితే స్టీరియో ముందుకు వచ్చింది. దాని వెనక సందు చీకటిగా ఉంది. ప్లగ్గు ఎక్కడుందో కనిపించలేదు. ఫోన్ లైటు వేద్దామంటే నా రెండు చేతులూ లోపలే ఉన్నాయి, సోషల్ టీచర్ స్టీరియో పట్టుకుని ఉంది.

నాన్న లేచాడు. ఇంట్లోంచి టార్చి తెచ్చి, సీటు మీద మోకాలు ఆనించి, సందులోకి వెలుగు పట్టాడు.

"ఇప్పుడు కనపడతాందా?"

కనిపించింది. ప్లగ్గు ఊడదీసి, కప్లర్ తగిలించాను. దాని మధ్యలో చేత్తో కలిపే జాయింట్లు రెండున్నాయి: ఎరుపు వైరుకు ఎరుపు, పసుపుకు పసుపు కలిపాను. బ్యాటరీ తీగ బిగించి తాళం తిప్పితే కొత్త సెట్టులో నీలం వెలుగు వచ్చింది, రేడియోలో ఎవరో ఎరువుల గురించి మాట్లాడుతున్నారు. ఆ ఎరువుల మాటలకు సోషల్ టీచర్ చప్పట్లు కొట్టింది.

సంతోషం ఒక్క రోజే నిలిచింది. కారు ఆపి మళ్లీ తీసిన ప్రతిసారీ సెట్టు అన్నీ మరిచిపోయేది. గడియారం పన్నెండు చూపేది, కుదిర్చి పెట్టుకున్న స్టేషన్లు ఉండేవి కావు. పాట వస్తోంది కదా అని నేను సర్దుకుపోదామనుకున్నాను.

ఆ తర్వాతి వారం మా ఇద్దరికీ కుప్పంలో మూడు రోజుల శిక్షణ పడింది. పలమనేరులో టీకి ఆగాం, సెట్టు మరిచిపోయింది. వి.కోటలో డీజిల్‌కి ఆగాం, మళ్లీ మరిచిపోయింది.

"మేడమ్, ఇది పొద్దన చెప్పిన పాఠం మధ్యాన్నం మర్చిపోయే మా ఏడో క్లాసు మాదిరి ఉండాది," అంది సోషల్ టీచర్.

ఆ మాట నా తలలో తిరిగింది. గుర్తుంచుకోవడానికి సెట్టుకు ఎప్పుడూ కాస్త కరెంటు అందుతుండాలి. తాళం తీసినా ఆగని తీగ ఒకటి, తాళంతో పాటు ఆగిపోయే తీగ ఒకటి. కొత్త సెట్టుకు ఎప్పుడూ అందాల్సింది పసుపులోంచి. మరి మా కారులో పసుపు అదేనని నాకెవరు చెప్పారు? రంగు చూసి నేనే అనుకున్నాను. పరీక్షించలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కుప్పంలో స్పేర్ పార్టుల అంగట్లో కారు ఇండికేటర్ బల్బు ఒకటి కొని, దానికి రెండు వైరు ముక్కలు తగిలించి ఇమ్మన్నాను. శిక్షణ జరిగే బడి ఆవరణలో వేపచెట్టు నీడన కారు పెట్టి, చట్రం తీసి, మరలు విప్పి సెట్టు ముందుకు లాగాను. తాళం నా జేబులో ఉంది. బల్బు తీగ ఒకటి కారు ఇనుముకు ఆనించి, రెండోది కారు వైపు పసుపు జాయింటుకు తాకించాను. వెలగలేదు. ఎరుపుకు తాకించాను. వెలిగింది.

మా కారులో రంగులు తారుమారు. ఆ రెండు జాయింట్లూ ఊడదీసి అటుదిటు, ఇటుదటు తగిలించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ చిన్న బల్బును మాత్రం చాలాసేపు అలాగే వెలిగించి చూస్తూ కూర్చున్నాను. లోపల క్లాసు మొదలైందని సోషల్ టీచర్ వచ్చి భుజం తట్టింది.

"వెలిగింది టీచర్," అన్నాను.

"సూస్తానే ఉండా. ముఖం కూడా వెలిగిందిలే, రా."

తిరుగు ప్రయాణంలో నాలుగు చోట్ల ఆగాం. రెండుసార్లు అవసరం లేకపోయినా ఆగాం. కారు తీసిన ప్రతిసారీ పెట్టిన స్టేషనే పలికింది.

ఇప్పుడు మా నాన్న రోజూ పొద్దున నేను తయారయ్యేలోపు కారులో కూర్చుని, తాళం ఒక మెట్టు తిప్పుకుని ప్రాంతీయ వార్తలు వింటున్నాడు. తలుపు తెరిచి, ఒక కాలు బయట పెట్టుకుని వింటాడు. ఇంట్లో టీవీ ఉంది కదా అంటే వినడు. వీధిలో పోయేవాళ్లు పలకరిస్తే, "మా పాప బిగించింది," అని చెబుతున్నాడట.

"ఇంజను ఆపేసి అంతసేపు వింటే బ్యాటరీ దిగిపోతుంది నాయనా," అన్నాను ఒకరోజు.

"దిగితే దిగనీలేమ్మా. బాగుచేసేది నీకు తెలుసు గదా," అని వాల్యూమ్ కాస్త పెంచాడు.